సబియాను నేను చేర్పించిన గ్రూపు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అందరి ముందూ అనేది. నిజమే. కాలేజీలో ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరు ఉద్యోగం మానేయబోతున్నారు, ఏ సారు ఇంట్లో అలిగి అన్నం తినకుండా వచ్చాడు, అన్నీ నా నోటి నుంచే బయటపడేవి. అలాంటి నేను ఒక్క సంగతిని మాత్రం ఏళ్ల తరబడి లోపలే పెట్టుకున్నాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. అమ్మకు చెప్పలేదు. అమ్మ పోయింది. మా ఆయనకు చెబుదామని ఎన్నిసార్లు మొదలుపెట్టానో, ప్రతిసారీ కూర గురించో కరెంటు బిల్లు గురించో మాట్లాడి లేచిపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే నోరు పెగులుతోందేమో.

పెద్ద నేరమేమీ కాదు. వింటే మీరు, ఓసి ఇంతేనా అంటారు. ఇంటర్ పాసైన ఒక పిల్ల, డిగ్రీ ఎక్కడ చదివితే రేపు పీజీకి దారి దొరుకుతుందని నన్ను అడిగింది. నేను తెలిసి తెలిసి తప్పుదారి చూపించాను. అంతే. ఈ ‘అంతే’ ఉంది చూశారూ, అదే నన్ను కొరుక్కు తింటోంది.

ఆ పిల్లను సబియా అందాం. అసలు పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మాది జనగామ పక్కన పల్లె. ఫిజిక్సులో ఎమ్మెస్సీ అయ్యాక మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. నాకక్కడ ఎవరూ తెలియదు. కాలేజీలో ఆడ లెక్చరర్ని నేనొక్కదాన్నే. జానీ చాచా ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. చాచా బట్టలకు రంగులేసేవాడు. పాత చీరలకు కొత్త రంగు, చున్నీలకు మ్యాచింగ్ రంగు, అదీ ఆయన పని. ముందు గది దుకాణం. వెనక పెరట్లో కట్టెల పొయ్యిల మీద గంగాళాలు, తీగల మీద తడి బట్టలు. అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. ఊరేగింపులకు నల్ల జెండాలు, నల్ల బ్యాడ్జీలు కావాలి. పెళ్లిళ్ల కాలంలో అన్ని రంగులూ అమ్ముడుపోతాయి, కొట్లాట కాలంలో నలుపొక్కటే అని చాచా నవ్వేవాడు.

సబియా ఆయన ఒక్కతే కూతురు. ఇంటర్ చదువుతూ తండ్రికి సాయం చేసేది. ఆ పిల్ల చేతులు చూస్తే ఆ రోజు ఎవరి చీరకు ఏ రంగు పడిందో చెప్పొచ్చు. గోళ్లలో నీలం, మోచేతి మీద ఆకుపచ్చ. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ అనుమానపడి చేతులు కడుక్కుని రమ్మన్నాడట. కడిగితే పోయే రంగైతే మా అబ్బా దగ్గరికి ఎవ్వరొస్తరు సార్ అందట. నేను నవ్వలేక చచ్చాను. ఆమె వాళ్లమ్మను అమ్మీ అని పిలుస్తుంటే, నెల తిరిగేసరికి నేనూ అమ్మీ అని పిలవడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

సాయంత్రం కాలేజీ నుంచి రాగానే సబియా ప్రశ్నలతో కాచుకుని ఉండేది. నూలు బట్టకు ఉప్పేస్తే రంగు ఎందుకు పడుతుంది? పట్టుకు ఉప్పు కాకుండా వెనిగర్ ఎందుకు? టెరికాటన్ సగం రంగే ఎందుకు తాగుతుంది? నాది ఫిజిక్సు. నాకు కెమిస్ట్రీ అంతంత మాత్రమే. అయినా తెలియదని చెప్పే అలవాటు నాకు అప్పట్లో లేదు. అణువులనీ విద్యుదావేశాలనీ ఏదో ఒకటి చుట్టబెట్టేదాన్ని. ఆమె మొత్తం విని, తెల్వదని అంటే ఏమైతదక్కా అని నవ్వేది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. అంత ముద్దొచ్చేది ఆ పిల్ల.

ఆమెకొక పట్టుదల ఉంది. మా వైపు పిల్లలు డిగ్రీకి ఏ కాలేజీ దగ్గరుంటే దాంట్లో చేరతారు. పీజీ సంగతి డిగ్రీ అయ్యాక చూసుకుంటారు. అప్పటికి చాలా దారులు మూసుకుపోయి ఉంటాయి. సబియా మాత్రం వెనక నుంచి ముందుకు ఆలోచించింది. హైదరాబాద్‌లోని పెద్ద యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేయాలి. తర్వాత రంగుల మీదే పరిశోధన చేయాలి. మరి అక్కడ సీటు రావాలంటే డిగ్రీ ఎక్కడ చదవాలి? ఆమే ఆరా తీసింది. హైదరాబాద్‌లోనే ఒక ఆడపిల్లల కాలేజీ. మంచి ల్యాబు, హాస్టలు. అక్కడ చదివిన పిల్లలకు ఆ యూనివర్సిటీలో సీట్లు వస్తున్నాయి. సబియా మార్కులకు ఆ కాలేజీలో చోటు దొరకడం కష్టం కాదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే ఆమె మేనమామ హాస్టలు ఖర్చు నాదన్నాడు. అందరూ ఆయన్ను మామూ అనేవారు. నేనూ అంతే.

ఇక మా కాలేజీ సంగతి చెప్పాలి. ఎండాకాలం వచ్చిందంటే ప్రైవేటు కాలేజీ లెక్చరర్ల బతుకు ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పాఠాలుండవు. ఒక్కొక్కరు ఇంతమంది పిల్లల్ని తేవాలి అని పై నుంచి హుకుం. తేకపోతే జీతం ఆగుతుంది. మేం ఇద్దరిద్దరం కలిసి ఊళ్లు తిరిగేవాళ్లం. కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కల కుప్పల మధ్య నిలబడి, కాంటా కోసం ఎదురుచూస్తున్న రైతుల్ని పట్టుకుని, మీ బిడ్డ ఇంటర్ పాసైందా అని అడిగేవాళ్లం. మా కాలేజీలో చేరిస్తే బస్సు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ అనేవాళ్లం. చదువు ఎలా చెబుతారని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడిగితే ఏం చెప్పాలో మాకూ తెలియదు. కెమిస్ట్రీ ఉన్న గ్రూపును అంతకు ముందే ఎత్తేశారు. ల్యాబు నడపడం దండగట. లెక్కలు, ఫిజిక్సు, కంప్యూటర్లు కలిపిన గ్రూపొకటి మిగిలింది.

సబియాను మా కాలేజీలో చేర్చాలన్న ఆలోచన నాకు ఎప్పుడు వచ్చింది? ఇది నన్ను నేనే చాలాసార్లు అడిగాను. జీతం ఆగుతుందన్న భయంతోనే చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాకు బాగుంటుంది. పేద లెక్చరరమ్మ, పై నుంచి ఒత్తిడి, ఏం చేస్తుంది పాపం. కానీ అది అబద్ధం. నేను తేవాల్సిన పిల్లలంతా కేసముద్రంలోనే దొరికారు. సబియా చేరినా చేరకపోయినా నా జీతానికి ఢోకా లేదు. ఈ ముక్క ఇంత విడమరిచి ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పేశాను.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, రైళ్లు లేవు. ముందు రోజు వచ్చిన మామూ వెనక్కి పోలేక ఇంట్లోనే ఉండిపోయాడు. మధ్యాహ్నం అందరం పెరటి గడపలో కూర్చున్నాం. టీవీలో హైదరాబాద్ యూనివర్సిటీల్లో బాష్పవాయువు, లాఠీలు, పరుగెత్తే పిల్లలు. అమ్మీ అది చూసి అయ్యో అని బుగ్గలు నొక్కుకుంది. చాచా మనసు అటూ ఇటూ ఊగుతోంది. మామూ మాత్రం పంపాల్సిందే అన్నాడు. బాయిలో దిగేవాళ్లం, మేం భయపడితే పని నడుస్తుందా అన్నాడు. చివరికి చాచా నా వైపు తిరిగి, నువ్వు సదువుకున్నదానివి బిడ్డా, నువ్వెట్లంటె అట్ల అన్నాడు. ఇంటిపెద్ద, ఉన్న ఒక్క కూతురి సంగతిలో నిర్ణయం నా చేతిలో పెట్టాడు.

ఒక్క మాట చాలు. పంపండి చాచా, భయమేం లేదు అంటే చాలు. అనలేదు. మా కాలేజీ ఇక్కడే ఉంది కదా, కళ్ల ముందు ఉంటుంది, నేనూ ఉన్నాను కదా అన్నాను. అమ్మీ మొహం వెలిగిపోయింది. అప్పుడు సబియా అడిగింది.

“అక్కా, మీ కాలేజీల కెమిస్ట్రీ లేదు గద. కంప్యూటర్ల గ్రూపు జేస్తె రేపు కెమిస్ట్రీ పీజీకి రానిస్తరా?”

“ఇప్పుడైతె రానియ్యరు. గని నీ డిగ్రీ అయ్యేసరికి తెలంగాణ వస్తది సబియా. మన యూనివర్సిటీలు మన చేతులకొస్తయి. రూల్సన్ని మారుతయి.”

“పక్కానా?”

“పక్కా.”

అంతే జరిగింది. ఆ రోజుల్లో ఆ మాట అందరి నోటా ఉండేది. తెలంగాణ వస్తే కొలువులొస్తయి, నీళ్లొస్తయి, చెరువులు నిండుతయి. మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదా పడితే, తెలంగాణ రానియ్, అప్పుడు తేల్చుకుందామని వాయిదా వేసుకున్నారు. నవ్వకండి, నిజం. మేం అలాగే బతికాం, అలాగే నమ్మాం. నేనూ నమ్మాను. ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచాను. కానీ నమ్మే మాటకూ, వాడుకునే మాటకూ తేడా నాకు తెలియదా? సబియా వెళ్లాలనుకున్న యూనివర్సిటీ రాష్ట్రానిది కూడా కాదు, ఢిల్లీ సర్కారుది. తెలంగాణ వచ్చినా రాకపోయినా దాని రూలు మారదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదవనివాళ్లను కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి ఎవరు తీసుకుంటారు? ఎందుకు తీసుకోవాలి? పీజీ చదివొచ్చిన దాన్ని, నాకిది తెలియక కాదు. అబద్ధానికి ఉద్యమం కండువా కప్పాను. కండువా చూసి అందరూ దండం పెట్టారు.

మామూ మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పంపాల్సిందే అని పట్టుబట్టిన మనిషి, తెలంగాణ మాట వినగానే మెత్తబడ్డాడు. మేడం చెప్పింది నిజమే, వచ్చాక అన్నీ మనవే కదా అన్నాడు.

సబియా మా కాలేజీలో చేరింది.

ఎందుకు చేశాను? అడగండి, అడగండి. నేను వేల సార్లు అడిగాను. జవాబు తెలిశాక చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ పిల్ల వెళ్లిపోతే ఆ ఇంట్లో నేను కిరాయిదారును మాత్రమే. నెలనెలా కిరాయి ఇచ్చి తలుపేసుకునే మనిషిని. ఆమె ఉంటే అక్కను. ఆమె ఉంటే సాయంత్రాలకు మాటలు, నవ్వులు, పెరట్లో ఆ గంగాళాల పొగ, అమ్మీ సేమియా. పొద్దస్తమానం మగ లెక్చరర్ల గదిలో మూలన కూర్చుని వచ్చే నాకు ఆ సాయంత్రాలే బతుకు. ప్రేమతో చేశానా? ప్రేమే. దాన్ని కాదనలేను. కానీ ఎదుటి మనిషి దారికి అడ్డంగా పడుకునే ప్రేమను ఏమంటారు? మీకు పేరు తెలిస్తే మీ దగ్గరే ఉంచుకోండి.

తర్వాతి మూడేళ్లు మంచి ఏళ్లు. అదే నన్ను ఇంకా బాధపెడుతుంది. చెడ్డ పని చేసి మంచి ఏళ్లు అనుభవించాను. ఇద్దరం కలిసి కాలేజీకి నడిచి వెళ్లేవాళ్లం. క్లాసులో మేడం అనేది, గేటు దాటగానే అక్కా అనేది. పరీక్షలో నేను మార్కులు తగ్గించి వేస్తే, అమ్మీకి ఫిర్యాదు చేసి నాకు చాయలో చక్కెర తక్కువ వేయించేది.

ఒకసారి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు దిగ్బంధం చేసి, అక్కడే పొయ్యిలు పెట్టి, వండుకుని, అందరూ కూర్చుని తినడం. మా వీధి వంతుకు పెద్ద గిన్నె కావాల్సి వచ్చింది. చాచా దగ్గరున్న గంగాళాల్లో అన్నిటికన్నా పెద్దది తోమి తోమి, చింతపండేసి రుద్ది మోసుకెళ్లాం. పొయ్యి మీద నీళ్లు మరగడం మొదలయ్యాక మెల్లగా గులాబీ రంగు తేలింది. బియ్యం చేతిలో పట్టుకున్న ఆడవాళ్లంతా అలాగే నిలబడిపోయారు. ఎవరి పెళ్లి చున్నీదో ఆ రంగు. సబియా కడుపు పట్టుకుని రోడ్డు మీదే కూలబడి నవ్వింది. నీళ్లు పారబోసి ఇంకెవరి గిన్నెనో తెచ్చేసరికి పొద్దు వాలింది. ఆ రోజు లారీల డ్రైవర్లు కూడా మాతో కూర్చుని తిన్నారు.

అంత నవ్విన పిల్ల, ఆదివారం వచ్చిందంటే కెమిస్ట్రీ పుస్తకాలు ముందేసుకునేది. ఎక్కడో పాత పుస్తకాలు సంపాదించింది. క్లాసులో లేని సబ్జెక్టును సొంతంగా చదువుకునేది. రూలు మారేసరికి నేను తయారుగా ఉండాలె గదక్కా అనేది. అర్థం కానివి నన్ను అడిగేది. నేను ముందు రోజు కూర్చుని చదువుకుని మరీ చెప్పేదాన్ని. ఆ పిల్ల కోసం కెమిస్ట్రీ నేర్చుకున్నాను. చేసిన తప్పును అలా కడుగుతున్నాననుకున్నాను కాబోలు. నోరు విప్పి ఒక్క మాట మాత్రం చెప్పలేదు. మొదటి ఏడాది చెప్పలేదు. రెండో ఏడాది, ఇక చెప్పి లాభమేముందిలే అనుకున్నాను. మూడో ఏడాది ఆమె ఆదివారాలు చదువుతుంటే నాకు తలనొప్పి వచ్చేది, గదిలోకి వెళ్లి పడుకునేదాన్ని.

సకల జనుల సమ్మెలో బొగ్గుబాయిలు ఆగిపోయినప్పుడు మామూ మానుకోట వచ్చాడు. జీతం లేదు. మనిషి చిక్కిపోయాడు. అయినా హుషారుగా ఉన్నాడు. ఎవరి కోసం కొట్లాడుతున్నావు మామూ అని ఎవరో ఎగతాళి చేస్తే, మా సబియా రూలు మారాలి కదా అన్నాడు. సరదాకే అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయాను. ఆయన పస్తుల్లో నా అబద్ధానికి కూడా ఒక వాటా ఉంది.

తెలంగాణ వచ్చింది. ఆ ఏడే సబియా డిగ్రీ అయిపోయింది. ఊరంతా రంగులు చల్లుకుంది. చాచా తన దగ్గరున్న రంగు డబ్బాలన్నీ వీధిలోకి తెచ్చి పెట్టాడు. నేనూ ఏడ్చాను, ఆనందంతోనే. అందరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నా ఏడుపులో ఇంకోటి కలిసిందని ఎవరు కనిపెడతారు?

కొన్నాళ్లకు సబియా నెట్ సెంటర్‌కు వెళ్లింది, ఆ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేయడానికి. నేను ఇంట్లోనే ఉన్నాను. తోడు రమ్మంటే పని ఉందన్నాను. ఆమె వచ్చే దారి కిటికీలోంచి కనిపిస్తుంది. నడక చూస్తేనే తెలిసిపోయింది.

వచ్చి నా మంచం మీద కూర్చుంది. రూలు మారలేదక్కా అంది. కాసేపు ఏడ్చింది. గట్టిగా కాదు, ముక్కు ఎగబీల్చుకుంటూ. తర్వాత నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో, కళ్లు తుడుచుకుని నా చేయి పట్టుకుంది. నువ్వు ఫికర్ జెయ్యకక్కా, నువ్వు గూడ నమ్మినవ్ గద, అందరం నమ్మినం అంది.

నన్ను ఓదార్చింది. ఆమె కలను చంపిన నన్ను, ఆమే ఓదార్చింది. నేను ఆ చేయి వదిలించుకోలేదు. నేను కూడా మోసపోయినదాన్నే అన్నట్టు తల ఊపాను. మొదటి అబద్ధం నోటితో చెప్పాను. ఈ రెండోది తలతో చెప్పాను. రెండిట్లో ఏది పెద్దదని నన్నడిగితే, రెండోదే అంటాను.

ఆ తర్వాత నాకు పెళ్లయింది. జనగామ వచ్చేశాను. సబియాకు మామూ భూపాలపల్లిలోనే సంబంధం చూశాడు. మంచి పిల్లాడు, కరెంటు ప్లాంటులో పని. సబియా అక్కడ ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్లు చెబుతుంది. బాగానే చెబుతుందని అందరూ అంటారు. ఏ పని ఇచ్చినా బాగా చేసే పిల్ల అది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. నా కాన్పుకు వచ్చి పది రోజులుండి బట్టలు ఉతికి వెళ్లింది. ఆమె ఎంత బాగా చూసుకుంటే నాకు అంత లోపల పొడుచుకునేది. తిట్టేవాళ్లతో బతకొచ్చు. ఇలాంటి వాళ్లతో బతకడమే కష్టం.

పోయిన ఎండాకాలం భూపాలపల్లి రమ్మని పట్టుబట్టింది. వెళ్లాను. పక్క క్వార్టర్లో బొగ్గుబాయి కార్మికుడి కూతురు ఇంటర్ పాసైంది. రేపు పీజీ చేయాలని ఆశ. డిగ్రీ ఎక్కడ, ఏ గ్రూపు అని తికమకపడుతోంది. ఆ పిల్ల కోసమే నన్ను పిలిచిందని వెళ్లాక తెలిసింది. మా అక్కనడుగు, మా అక్క చెప్తె తిరుగుండదని ఆ పిల్లతో నా ముందే అంది.

నేను చెప్పాను. జాగ్రత్తగా, నెమ్మదిగా చెప్పాను. ముందు పీజీలో ఏం చదవాలో అనుకో. దానికి డిగ్రీలో ఏయే సబ్జెక్టులు ఉండాలంటారో ఆ యూనివర్సిటీ వాళ్లు చెప్పిందే చూడు, నాలాంటి వాళ్లు చెప్పింది కాదు. ఆ సబ్జెక్టు మూడేళ్లూ ఉన్న గ్రూపే తీసుకో. చేరే ముందు కాలేజీకి వెళ్లి ల్యాబు తెరిపించి చూడు. తాళానికి తుప్పు పట్టి ఉంటే వెనక్కి వచ్చేయ్. రేపు రూలు మారుతుందని ఎవరైనా అంటే నమ్మకు. ఆ పిల్ల అన్నిటికీ తలూపి, థ్యాంక్స్ మేడం అని సంతోషంగా వెళ్లింది.

సబియా చాయ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. “నాకు గూడ ఫస్టియర్ల ఎవరన్న గిట్ల చెప్పుంటే గ్రూపు మారుతుంటి అక్కా. ఒక్క ఏడాది పోతుండె, గంతే. పాపం, నీక్గూడ తెల్వకపాయె.”

పాపం అంది. నన్ను.

ఒక్క ఏడాది. మొదటి ఏడాది నోరు తెరిచి ఉంటే ఆమెకు ఒక్క ఏడాదే పోయేది. ఆ లెక్క నేను ఎన్నడూ వేయలేదు. ఆ ఒక్క పూట చేసిన తప్పే నా తప్పనుకుంటూ వచ్చాను. కాదు. ప్రతి రోజూ చేశాను.

“నాకు తెల్సు సబియా” అన్నాను. “ఆ రోజే తెల్సు. ఆ రూలు మారదని తెలిసే చెప్పిన. కాలేజీ కోసం గూడ కాదు. నువ్వు పోతే నేనొక్కదాన్నయిపోతనని చెప్పిన.”

ఆమె నా మొహంలోకి చూసింది. నేను ఇంకా ఏదో అంటానని, నవ్వుతానని ఎదురుచూసినట్టుంది. నేను నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చి, ఒక్కొక్కటే మడత పెట్టింది. మడత పెట్టిన చొక్కా మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. నేను క్షమించమని అడగలేదు. నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. అడిగితే ఆమె ఇచ్చేస్తుంది. అలాంటి పిల్ల. ఇంకొకసారి ఆమె మంచితనాన్ని వాడుకోవడం ఇష్టం లేకపోయింది.

బట్టలయ్యాక వంటింటి గడప దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా అడిగింది.

“అన్నం తిని పోతవా?”

మీకు ఇది మామూలు మాటగానే అనిపిస్తుంది. ఆ కుటుంబంలో నన్ను ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కంచం పెట్టేవాళ్లు, అంతే. వద్దన్నా వడ్డించేవాళ్లు. తింటావా అని చుట్టాన్ని అడుగుతారు, పరాయివాళ్లను అడుగుతారు. అక్కా అన్న పిలుపు కూడా దాంట్లో లేదు.

తింటానన్నాను.

ఆమె వడ్డించింది. ఎదురుగా కూర్చుంది. ఇంకొంచెం వేయనా అనలేదు. బస్సు దాకా రాలేదు. తర్వాత ఫోన్ రాలేదు, నేనూ చేయలేదు. ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా ఆమె తప్పు లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి, మీరేమనుకున్నా సరే. అన్నంలోకి టమాటా ఖట్టా చేసింది, పుల్లటి చారులాంటిది. కంచం ఊడ్చుకుని తిన్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, అయినా తిన్నాను. మానుకోటలో ఆ బంద్ రోజు మొదలుకుని, ఆ ఇంటివాళ్ల అన్నం నేను దొంగలా తినకపోవడం అదే మొదటిసారి.